ఇరవై అయిదు ఫ్రాంకుల పిల్ల

మా ఆయన ఆఫ్రికా నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చిన రోజు, స్నానమైనా చెయ్యకుండా, నా కుట్టుమిషను బల్ల మీద ఒక గుడ్డసంచి బోర్లించారు. గలగలమని చిల్లర పడింది. కొన్ని బిళ్ళలు ఇత్తడి రంగులో పచ్చగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. మా ఆడబిడ్డ, ఆవిడ పిల్లలు, పక్కింటివాళ్ళు అప్పటికే ముందుగదిలో చేరి ఉన్నారు. చాక్లెట్ల కోసం వచ్చినవాళ్ళు కూడా ఆ చిల్లర చూసి బల్ల చుట్టూ మూగారు.

ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూపించారు. అయిదు ఫ్రాంకుల బిళ్ళ మీద జింక తల. పది మీద నీళ్ళ పంపు దగ్గర చేరిన మనుషులు. యాభై మీద గింజలు, కాయలు. ఏ బిళ్ళ తిప్పినా రెండోవైపు ఒకటే బొమ్మ: పొడుగాటి మూతి, ఆ మూతికి రెండు పక్కలా పళ్ళు ఉన్న చేప. రంపం చేప అన్నారు. పశ్చిమ ఆఫ్రికాలో ఎనిమిది దేశాలకు ఇదే చిల్లరట. ఒక దేశంలో మిగిలిన బిళ్ళతో పక్కదేశంలో టీ తాగవచ్చట. సింగపూరు దాటితే మన మలేషియా డబ్బు చెల్లదు కదా అని మా ఆడబిడ్డ తెగ ఆశ్చర్యపోయింది. సింగపూరులోనూ చెల్లదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అన్నీ పంచేశారు. ఒక్కటి మాత్రం చొక్కా జేబులో వేసుకున్నారు. మా ఆడబిడ్డ కూతురు అదీ చూపించమంది. ఇరవై అయిదు ఫ్రాంకులు. ఒక ఆడమనిషి ముందుకు వంగి గాజు గొట్టంలోకి ఏదో నింపుతున్న బొమ్మ.

"ఇది మా ల్యాబు పిల్ల," అని నవ్వి, దాన్ని మళ్ళీ జేబులోకి జారవిడిచారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం కలుక్కుమంది.

మాది మలేషియాలో పేరా రాష్ట్రపు తీరాన సుంగై సుమున్ అనే ఊరు. మా తాతలు విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోటల పనికి వచ్చినవాళ్ళు. ఇప్పుడు కొబ్బరి తగ్గి పామాయిల్ తోటలు పెరిగాయి. ఇంట్లో మేము మాట్లాడేది ఆ తాతల నాటి మాటే, మధ్యమధ్య అరవం, మలాయ్ కలుపుకుని, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించుకుని. పుస్తకాల తెలుగు నాకు చర్చిలో వచ్చింది. ఆదివారం బళ్ళో పెద్దలు కూర్చోబెట్టి చదివించారు కాబట్టి ఈపాటి రాయగలుగుతున్నాను. మా అమ్మాయి క్లాంగ్‌లో ఉద్యోగం చేస్తుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది.

మా ఆయన పామాయిల్ మిల్లు ల్యాబులో పెద్ద. రోజూ వచ్చిన నూనెలో పులుపు ఎంత, తేమ ఎంత అని పరీక్ష చేసి చెప్పడం ఆయన పని. ఆ కంపెనీ ఐవరీ కోస్ట్‌లో కొత్త మిల్లు కడుతూ, అక్కడి ల్యాబు నిలబెట్టడానికి ఆయన్ని రెండేళ్ళు పంపింది. పామాయిల్ చెట్టు అసలు పుట్టిందే ఆ వైపున. చెట్టు అక్కడినుంచి ఇక్కడికి వస్తే, పని నేర్పేవాళ్ళు ఇక్కడినుంచి అక్కడికి వెళ్తున్నారని ఆయన వెళ్ళే ముందు చర్చి వాకిట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

నాకెందుకు కలుక్కుమందో చెప్పాలంటే నా చదువు సంగతి చెప్పాలి. నేను తెలుక్ ఇంటాన్‌లో హైస్కూలుకు బస్సులో వెళ్ళి చదువుకున్నాను. లెక్కలు అంతంత మాత్రం. కెమిస్ట్రీ మాత్రం నాది. బ్యూరెట్టు అనే గాజు గొట్టంలోంచి చుక్క చుక్క వదులుతూ, రంగు మారే ఆ చుక్క దగ్గర ఆపడం నాకు వచ్చినంత బాగా మా తరగతిలో ఎవరికీ రాలేదు. ఇంకా చదవాలనుకున్న ఏడాదే మా నాన్న తోట ట్రాక్టరు బోల్తాపడి మంచాన పడ్డాడు. అమ్మ నన్ను తన కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. బడి యూనిఫాములు, జాకెట్లు, మలాయ్ ఆడవాళ్ళు వేసుకునే పొడుగు చొక్కాలు, బాజు కురుంగులు కుడుతూ అక్కడే ఉండిపోయాను. తరవాత సంబంధం వచ్చి, పిల్లవాడు మిల్లు ల్యాబులో పని చేస్తాడని చెప్పినప్పుడు నేను మొహం చూడకముందే సరేనన్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆ ల్యాబు చూపించకపోతారా అనుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటాయి. చూపించలేదు. నేనూ అడగలేదు. ఇంటికి వచ్చాక ల్యాబు మాటే ఎత్తేవారు కాదు. అన్నం, టీవీ, నిద్ర.

అలాంటి మనిషి, ల్యాబులో పనిచేసే ఆడమనిషి బొమ్మను జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా ఉతకడానికి తీస్తూ ఆ బిళ్ళ బయటపెట్టాను. మిషను దీపం కింద పట్టుకుని చూశాను. చిన్న బొమ్మే అయినా శ్రద్ధగా చెక్కారు. వంగిన నడుములో, చాచిన చేతిలో పని తెలిసిన మనిషి ఒడుపు కనబడింది. ఎవరో దేశంకాని దేశంలో కూర్చుని డబ్బు మీద ఏ బొమ్మ వెయ్యాలా అని ఆలోచించి, రాజును కాదు, దొరను కాదు, ల్యాబులో నిలబడ్డ ఆడదాన్ని వేశారు. మెచ్చుకోవలసిన సంగతే. నాకు మాత్రం కళ్ళు మండాయి. ఆ బొమ్మలో నేనుండాలి అనిపించింది. బిళ్ళ బల్ల మీద పెట్టి చొక్కా బకెట్లో పడేశాను.

సెలవు అయ్యాక ఆయన తిరిగి వెళ్ళారు. మా సాయంత్రం ఆయనకు పొద్దున్న. ల్యాబులోంచే ఫోను చేసేవారు. వెనక గాజు సామాను చప్పుడు, ఒక ఆడగొంతు ఫ్రెంచిలో ఏదో అనడం, ఈయన నవ్వడం వినబడేవి. ఏమిటండీ అంటే, ఏం లేదు, ల్యాబు పిల్ల ఏదో అంది అనేవారు. ఏం అంది అంటే, అది తెలుగులో చెప్తే నవ్వు రాదు అనేవారు. ఆ మాట మర్నాడంతా నా మిషను కింద నలిగేది. మా ఆడబిడ్డ ఒకరోజు పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వచ్చి, తోటలో పక్క లైను ఇళ్ళల్లో ఒకాయన గల్ఫుకు పోయి ఇంకో సంసారం పెట్టిన కథ తీరిగ్గా చెప్పి వెళ్ళింది. నా కోసమే చెప్పిందో, ఊరికే చెప్పిందో తెలీదు. ఆ రోజు ఒక పిల్లాడి నిక్కరుకు రెండు కాళ్ళూ ఒకే వైపు కుట్టాను.

కాంట్రాక్టు పూర్తయి ఆయన వచ్చేశారు. పాత మిల్లులో పాత కుర్చీ. అంతా సర్దుకుంది అనుకుంటుండగా, కొన్ని నెలలకు ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కారులో మెల్లగా కదిపారు.

"ఆ ల్యాబు పిల్ల ట్రైనింగుకని కౌలాలంపూరు వైపు వత్తాది లా. మన ఊరు సూడాలంటాది. రమ్మననా?"

"రమ్మనండి. నేనేల వద్దంటాను?" అన్నాను.

ఆ వారం నేను నిద్రపోయిందీ లేదు, కుట్టిందీ లేదు. చింతపండు చేపల పులుసు పెట్టాలా, మలాయ్ వాళ్ళ కొబ్బరన్నం, సంబల్ కారం పెట్టాలా అన్న దగ్గర నుంచి, ఏం కట్టుకోవాలన్న దాకా అన్నీ ఆమెను తలుచుకునే. నీలం పట్టుచీర తీసి కట్టుకుని అద్దంలో చూసుకుంటే, కుళ్ళుకునే మనిషి ఇలాగే ఉంటుందనిపించింది. విప్పేసి రోజూ వేసుకునే పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అందులో మరీ దిగదుడుపుగా ఉన్నాను. మళ్ళీ చీర కట్టుకున్నాను. ఆయన బయట కారు హారను కొడుతున్నారు.

తెలుక్ ఇంటాన్ బస్టాండులో బక్కపల్చటి పిల్ల కోసం వెతుకుతున్నాను. బస్సు దిగి మా వైపు నడిచి వచ్చినామె పొడుగరి, భారీ మనిషి. కణతల దగ్గర నెరిసిన జుట్టు. మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళజోడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదే అయి ఉంటుంది. నేను మా ఆయన వైపు తిరిగి చూశాను. ల్యాబులో అందరినీ పిల్ల అనే అంటామని గొణిగారు.

గుండె తేలిక పడాలి కదా. పడలేదు. చిన్నపిల్ల అయి ఉంటే, వయసు చూసి మురిసిపోయారులే అని సరిపెట్టుకునేదాన్ని. నా ఈడు మనిషితో రెండేళ్ళు నవ్వుతూ మాట్లాడారంటే ఆ మాటల్లో సరుకు ఉండాలి. అదే ఇంకా బాధ.

మర్యాద కోసం ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. మా ఊరు దాటి, సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్ దాకా వాళ్ళిద్దరి తలలూ చూస్తూ వచ్చాను. సగం ఫ్రెంచి, సగం ఇంగ్లీషు. ఇంట్లో నాలుగు మాటలు దాటని మనిషి దారంతా చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నారు. తోటలు చూపించి ఏదో అన్నారు. ఆమె పగలబడి నవ్వింది. నాకు అర్థం కాలేదు.

బాగన్ దాతుక్‌లో ఆయన కారు ఆపింది పడవల రేవు పక్కన ఒక చిన్న చీనా గుడి దగ్గర. లోపల గోడకు రంపం చేప మూతి ఒకటి వేలాడుతోంది. నా చెయ్యంత పొడుగు, ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఇన్నేళ్ళుగా ఈ తీరాన ఉన్నాను, అది అక్కడుందని నాకు తెలీదు. ఆయనకు తెలుసు. ఆమెకు చూపించాలని తీసుకువచ్చారు. నన్ను ఎప్పుడూ తీసుకురాలేదు.

ఆమె దాని ముందు కదలకుండా నిలబడిపోయింది. పర్సులోంచి ఒక బిళ్ళ తీసి దాని పక్కన పెట్టి చూసింది. పుట్టినప్పటి నుంచి రోజూ చేతుల్లో ఆడుతున్న చేప, నిజంగా ఉంటుందని ఇవాళే నమ్ముతున్నానంది. గుడి చూసుకునే చీనా తాత మలాయ్‌లో చెప్పాడు: వాళ్ళ నాన్న రోజుల్లో నది మొగలో వలల్లో ఇవి పడేవి, వలలు చింపేసేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. మా ఆయన నోరు తెరిచేలోపు నేనే ముందుకు వెళ్ళి ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఒక్క పనైనా నా చేతిలో ఉండాలనిపించింది. వాళ్ళ వైపు నీళ్ళలోనూ ఇప్పుడు ఆ చేప కనబడదని, డబ్బు మీదే మిగిలిందని ఆమె అంది.

అక్కడే గట్టు మీద కూర్చుని ఆ బొమ్మ కథ చెప్పింది. వాళ్ళ అమ్మ వైపు పూర్వులు బంగారం పొడి వ్యాపారం చేసిన జాతివాళ్ళట. అప్పట్లో బంగారాన్ని చిన్న చిన్న ఇత్తడి తూకపురాళ్ళు వేసి తూచేవారు. ఊరికే చదరపు ముక్కలు కాదు. పక్షి, మొసలి, మనిషి, చేప, ఒక్కోదాని వెనక ఒక సామెత. ముందు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోసేవారు. మట్టి పగలగొట్టి బొమ్మ తీస్తారు కాబట్టి ఒక మూసలో రెండోది రాదు. రంపం చేప అంటే కలిమి, సంతానం. అలాంటి ఒక తూకపురాయినే చూసి డబ్బు మీద గుర్తుగా వేశారు. "బొమ్మ మాదే. అచ్చు కొట్టేది మాత్రం ఫ్రాన్సులో," అంది. వాళ్ళ కుర్రకారు ఈ డబ్బే వద్దు, మన డబ్బు మనం చేసుకుందాం అంటున్నారట. ఆమె అటూ ఇటూ తేల్చి చెప్పలేదు.

మా నాన్నమ్మ చెప్పిన సంగతి నాకు గుర్తొచ్చింది. మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచేవారట. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమెకు ఇంకో ముచ్చట ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంటికి వచ్చి భోజనాలయ్యాక ఆయన లేత కొబ్బరిబోండాలు తెస్తానని బయటికి వెళ్ళారు. ఆమె సంచిలోంచి ఒక మడత తీసి నా చేతిలో పెట్టింది. మైనపు అద్దకం గుడ్డ, నారింజ, ముదురు నీలం. చేతికి తగలగానే మంచి నేత అని తెలిసింది. ఆ గుడ్డను చూడగానే నా లోపలి దర్జీ లేచి కూర్చుంది. ఇందులో సగంతో మీకు మా పద్ధతిలో ఒక బాజు కురుంగు కుట్టి పంపుతాను, లేవండి, కొలతలు తీసుకుంటాను అన్నాను. తనకు తేవడమే గాని తీసుకోవడం తెలీదని నవ్వుతూ లేచి నిలబడింది.

భుజాల కొలత తీస్తూ, ఆ బిళ్ళ మీద బొమ్మను మా ఆయన మిమ్మల్ని పిలిచినట్టే ల్యాబు పిల్ల అంటారు, తెలుసా అని అడిగాను. కళ్ళు మాత్రం టేపు మీదే పెట్టాను.

తెలుసంది. మొదటి రోజే ఆ బిళ్ళ చూపించి ఇది నువ్వే అంటే ఆయన్ని కసిరిందట. "ఆ డబ్బు వాడే ప్రతి మగాడూ ల్యాబులో ఆడది కనబడగానే ఇదే అంటాడు. నా జీతం ఇరవై అయిదు కాదని చెప్పాను," అంది. వాళ్ళమ్మ సంతలో పొగచేపలు అమ్మేదట. చిల్లరలో ఇరవై అయిదు వస్తే తీసి కూతురికి చూపించి, ఇలా నిలబడి పని చేసుకో, నాలా పొగలో కూర్చోవద్దు అనేదట. అందుకే చదివిందట.

నేను చేతి పొడుగు తీస్తున్నాను. అప్పుడు ఆమె అంది:

"మీరూ ల్యాబు మనిషే అనుకున్నాం చాలాకాలం."

"నేనా?"

"మేము ఒక చుక్క ఎక్కువ వదిలి రంగు పాడుచేస్తే ఆయన ఎప్పుడూ ఒకటే మాట. ఈ పని మా ఆవిడ చేస్తే ఆ చుక్క దగ్గరే ఆపుతుంది. మీ పేరు చెప్తే చాలు, మా ఆడపిల్లలందరికీ ఒళ్ళు మండేది. నాకయితే మరీ."

టేపు నా చేతుల్లోనే ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో, ఒకే ఒక్కసారి, నేను బళ్ళో చేసిన ఆ పని గురించి ఆయనకు చెప్పాను. ఊఁ అని పక్కకు తిరిగి పడుకున్నారు. వినలేదనుకున్నాను.

ఎవరైనా సంతోషిస్తారు కదా. నాకు కోపం వచ్చింది. అది నా మాట. నాకు రావలసిన మాట. ఇరవై ఏళ్ళుగా నేను నోరు తెరిచి అడగకుండా ఎదురు చూసిన మాటను, తీసుకుపోయి సముద్రాల అవతల ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళకు ఉచితంగా పంచిపెట్టారు. వాళ్ళు దాన్ని విని విసుక్కున్నారు కూడా. ఆమె ఏదో గ్రహించినట్టుంది. నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకుని నడుము కొలత రాసుకున్నాను.

సాయంత్రం ఆమెను బస్సు ఎక్కించి తిరిగి వస్తూ కారులో ముందు సీట్లో కూర్చున్నాను. నేనే మాట ఎత్తాను.

"నేనయితే పాడుసెయ్యనని ఆళ్ళకి సెప్పినారంట."

"సెప్పినాను. ఏటి, తప్పా?"

"నాకేల సెప్పనేదు?"

 లారీ ఒకటి ముందు పోతుంటే ఆయన దాన్ని దాటకుండా దాని వెనకే మెల్లగా నడిపారు.

"నీకు సదువు పోయినాది. నేను దినం ఆ పనే సేసి ఇంటికి వత్తాను. నీ ముందర ఏ మొకం పెట్టుకుని ల్యాబు మాట ఎత్తేది? సెప్తే ఏడుత్తావనుకున్నాను."

"ఏడిస్తే ఏడిసినాను. సెప్పవలసింది."

"అవును," అన్నారు. అంతే.

ఇంటికి వచ్చాక వంటింట్లో నిలబడి నిజంగానే ఏడ్చాను. జాలితో కాదు, అక్కసుతో. ఆయన గుమ్మంలో నిలబడ్డారు, దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

తరవాతి శనివారం నేను అడిగాను, ఆ ల్యాబు చూపించండి అని. మిల్లు మేనేజరుకు చెప్పి తీసుకువెళ్ళారు. నేను ఊహించుకున్నంత పెద్దదేం కాదు. ఒక గది, ఒక సింకు, మరకల బల్ల, నూనె వాసన. ఆయన నూనె తూచి, స్పిరిటులో కలిపి నా ముందు పెట్టి, బ్యూరెట్టు అప్పగించారు. మొదటిసారి మర ఎక్కువ తిప్పేసి నాలుగు చుక్కలు అదనంగా వదిలాను. కింద ఫ్లాస్కులో ఉన్నదంతా లేత రంగుకు బదులు మందారం రంగయింది. రెండోసారి కూడా పోయింది. మూడోసారి లేత గులాబీ వచ్చి నిలిచింది. ఫ్లాస్కు తిప్పినా పోలేదు.

ఆయన చూసి, "బాగ సేసినావు. ఆళ్ళ కన్నా బాగ," అన్నారు.

అడిగి తెచ్చుకున్న మాట కాబట్టి అది నాకు అంతగా రుచించలేదు. అయినా ఆ గదిలోంచి బయటికి రావడానికి తొందరపడలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే అబ్బాయి కుర్చీ ఇస్తే కూర్చున్నాను. అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో వెళ్తుంటాను. ఆయన ఇంట్లో కూడా ఇప్పుడు ల్యాబు సంగతులు చెప్తారు. కొన్ని మహా విసుగు. వింటాను.

ఆమెకు బాజు కుట్టాను. అద్దకం పువ్వు మధ్యలో తెగకుండా, వీపు మీద సరిగ్గా కలిసేలా గుడ్డ కోయడానికి నాకు ఒక పూటంతా పట్టింది. కసి కొద్దీ అంత బాగా కుట్టానేమో. పార్సిలు అందిన వారానికి ఆమె దాన్ని వేసుకుని ఫోటో పంపింది. మా ఆయన ఫోనుకు. భోజనం చేస్తూ ఆయన తీసి చూపించారు. భుజాలు చక్కగా కుదిరాయి. ఆమె అందంగా ఉంది, నా కుట్టూ అందంగా ఉంది. నాకు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రమే నేను ఆమెకు నా ఫోను నుంచి ఇంగ్లీషులో రాశాను: కుట్టింది నేను, ఇకముందు ఫోటో నాకు పంపాలి. నవ్వే బొమ్మలు నాలుగైదు పంపి, సరేనంది. మాట నిలబెట్టుకుంది. పెళ్ళిలో వేసుకుంటే, చర్చికి వేసుకుంటే, చెల్లెలికి ఇస్తే, ఇప్పుడు నాకే ముందు వస్తుంది. ఆయన అడిగితే చూపిస్తాను. ఒక్కోసారి వెంటనే చూపించను.